పాము కరిస్తే పాషా పేరు

పాతబస్తీకి కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు సాయంత్రం, పెరట్లో కట్టెల మోపు కింద పాము కనిపించింది. నేను కెవ్వుమన్నాను. మా అత్తయ్య మాత్రం కంగారు పడలేదు. చెంపలు వేసుకుని నాగులమ్మను తలచుకుంది. ఆ వెంటనే మహబూబ్ పాషా పేరు కూడా ఒకసారి అనుకుని, నన్ను దూరంగా జరగమంది. నాగులమ్మ సంగతి సరే, ఈ పాషా ఎవరు? పాము గోడ సందులోకి దూరి తన దారిన తాను పోయింది గానీ ఆ ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

తర్వాత తెలిసింది, ఆయన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ అని. మన ముత్తాతల కాలంలో హైదరాబాదు రాజ్యంలో ఎవరినైనా పాము కరిస్తే ఆయన పేరు మీద ఆన పెట్టేవారట. ఆ పేరు వింటే విషం దిగిపోతుందని నమ్మకం. నగరంలో వాళ్లయితే తిన్నగా నవాబుగారి ఇంటికే పోవచ్చు. వేళకాని వేళ వచ్చినా సరే, తనను నిద్రలేపాల్సిందేనని ఆయన నౌకర్లకు గట్టిగా చెప్పి ఉంచాడట. అలా ఎన్నో రాత్రులు లేచి వచ్చాడని పాతబస్తీ పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఒక రాజు అర్ధరాత్రి నిద్ర మానుకుని, ఎవరో కూలివాడి కాలిమీద కాటును చూడడానికి రావడం! ఈ ఒక్క ముచ్చట కోసమే ఆయన గురించి తెలుసుకోవాలనిపించింది.

మహబూబ్ పాషా అనగానే అందరూ చెప్పేవి వేరే. వేసిన బట్ట మళ్లీ వేయడట. పురానీ హవేలీలో ఆ బట్టల బీరువాలు రెండు వైపులా వరసగా, హాలు పొడవునా ఉంటాయి. చూసిన ఆడవాళ్లెవరికైనా ఇంటికొచ్చాక తమ బీరువా మీద జాలి వేస్తుంది. ఇక జాకబ్ వజ్రం. కోడిగుడ్డంత కాకపోయినా మన ఊహకు అందనంత పెద్దది, 184 కేరట్ల పైచిలుకు. ఆయన పోయాక కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు అది తండ్రి చెప్పు ముందు భాగంలో దొరికిందని చెబుతారు.

నాకు మాత్రం ఆయన జీవితం చదువుతుంటే వజ్రాల కంటే ఇంకొకటి కనిపించింది. నీరు, దోమ, కుక్క, పులి, పాము, ఎలుక... ఆయన నలభై అయిదేళ్ల బతుకులో పెద్ద మలుపు ఏది వచ్చినా వీటిలో ఏదో ఒకటి దాని వెనక ఉంది. మనిషి ఆరోగ్యం, పశువుల ఆరోగ్యం, చుట్టూ ఉన్న నేలా నీళ్ల ఆరోగ్యం విడివిడిగా ఉండవని డాక్టర్లు ఇప్పుడు అంటున్నారు. దానికి వన్ హెల్త్ అని పేరు కూడా పెట్టారు. పేరు కొత్తది గానీ సంగతి పాతదే. పాతబస్తీ దాన్ని మహబూబ్ పాషా కాలంలోనే చూసింది, అదీ ఎంతో ఖరీదు చెల్లించి.

రెండున్నరేళ్ల రాజు

1866 ఆగస్టులో పురానీ హవేలీలో పుట్టాడు మహబూబ్. తండ్రి అఫ్జలుద్దౌలా. అఫ్జల్‌గంజ్ పేరు ఆయనదే. మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ దవాఖానా కట్టించిందీ ఆయన హయాంలోనే. 1869 ఫిబ్రవరిలో తండ్రి పోతే, ఇంకా రెండున్నరేళ్లు దాటీ దాటని పిల్లవాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టారు. మన ఇళ్లల్లో ఆ వయసు పిల్లలకు ఇంకా అన్నం కలిపి పెడుతూ ఉంటాం కదూ! రాజ్యం నడిపింది మొదటి సాలార్‌జంగ్. ఆయన 1853 నుంచీ దివాను. ఖజానా నిలబెట్టాడు, కచేరీలు సర్దాడు, పిల్లవాడికి అరబ్బీ, ఫారసీతో పాటు ఇంగ్లీషు చదువూ చెప్పించాడు.

అంతటి సాలార్‌జంగ్ ఎలా పోయాడో చూడండి. 1883 ఫిబ్రవరి మొదటి వారంలో జర్మనీ నుంచి ఒక డ్యూకు హైదరాబాదు వచ్చాడు. ఆయనకు విందులూ వినోదాలూ ఏర్పాటు చేసే హడావిడిలో ఉండగానే దివానుగారికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఫిబ్రవరి 8న ప్రాణం పోయింది. విషం పెట్టారని నగరమంతా గుసగుసలు. డాక్టర్లు తేల్చింది మాత్రం కలరా అని. నౌకర్లూ హకీములూ ఇంటినిండా ఉన్న మనిషిని గంటల్లో తీసుకుపోయిందంటే, గుడిసెల్లో వాళ్ల గతి ఏమిటి?

ఆ కాలంలో పాతబస్తీ తాగునీరు ఇంటింటి బావుల నుంచి, మీరాలం చెరువు నుంచి వచ్చేది. ఆ చెరువు కట్టించిన మీరాలం, సాలార్‌జంగ్‌కు పూర్వీకుడే. అర్ధచంద్రాకారపు కమాన్లు 21, పక్కపక్కన చేతులు కలిపి నిలబడ్డట్టుండే ఆ కట్ట ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటుంది. ఇక బావుల సంగతి వేరు. పెరట్లో ఒక మూల బావి, ఇంకో మూల పాయఖానా. రెంటికీ మధ్య నాలుగు గజాల నేల. ఆ నేలలోంచి ఏది దేంట్లోకి ఊరుతుందో ఎవరికి తెలుసు! కలరాకు కారణం నీళ్లలో ఉండే సూక్ష్మజీవి అని రాబర్ట్ కాక్ అనే జర్మన్ డాక్టరు కలకత్తాలో తేల్చి చెప్పింది 1884 ఫిబ్రవరిలో. సరిగ్గా అదే నెల 5వ తేదీన వైస్రాయి రిప్పన్ హైదరాబాదు వచ్చి, పద్దెనిమిదో ఏట ఉన్న మహబూబ్‌కు పూర్తి అధికారం అప్పగించాడు. ఏడాది ముందు తెలిసి, నీళ్లు కాచి తాగే అలవాటు ఉంటే సాలార్‌జంగ్ బతికేవాడేమో.

మీరాలం చెరువు పేరెత్తాక ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. 1963లో ఆ చెరువు పక్కనే నెహ్రూ జూపార్కు వచ్చింది. మన పిల్లలందరూ అక్కడ సింహాలను చూసి పెరిగినవాళ్లే. 2021 మే నెలలో అక్కడి ఎనిమిది సింహాలకు కోవిడ్ సోకిందని సీసీఎంబీ పరీక్షల్లో తేలింది. దేశంలో అలా తేలడం అదే మొదటిసారి. మనుషుల నుంచే వాటికి అంటి ఉంటుందని అనుకున్నారు. అన్నీ కోలుకున్నాయి లెండి. జబ్బులు జంతువుల నుంచి మనకు వస్తాయని భయపడుతూ ఉంటాం. మన నుంచి వాటికి పోతాయన్నది ఎప్పుడన్నా తట్టిందా?

వీధి కుక్కల రుణం

మహబూబ్ పాషా పూర్తి అధికారం అందుకున్న నాలుగేళ్లకు హైదరాబాదు పేరు లండన్ దాకా పాకింది. అందుకు కారణం వీధి కుక్కలు.

ఆపరేషన్ చేసేటప్పుడు మత్తు ఇవ్వడానికి అప్పట్లో క్లోరోఫాం వాడేవారు. తియ్యని వాసన వేసే మందు. రుమాలు మీద చుక్కలు వేసి పీల్పిస్తే మనిషి నిద్రపోతాడు. ఒక్కోసారి మళ్లీ లేవడు. లేవకపోవడానికి ముందుగా ఆగేది గుండా, శ్వాసా? ఈ తగువు డాక్టర్ల మధ్య ఏళ్ల తరబడి నడిచింది. ఇక్కడి రెసిడెన్సీ సర్జన్, అఫ్జల్‌గంజ్ వైద్య పాఠశాల ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ శ్వాసే ముందు ఆగుతుందని పట్టుపట్టాడు. నిజాం ఖర్చుతో 1888లో ఒక కమిషన్, 1889లో మరొకటి కూర్చున్నాయి. రెండోసారి లాన్సెట్ పత్రిక లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరును పంపింది. ఆయన రావడానికి వెయ్యి పౌన్లు ఇచ్చిందీ మహబూబ్ పాషాయే. కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు... వందల జంతువులకు క్లోరోఫాం ఇచ్చి ప్రాణం ఎలా పోతుందో రాసుకున్నారు. చదువుతుంటే కడుపులో దేవినట్టవుతుంది. మత్తు ఇచ్చేటప్పుడు శ్వాస మీదే కన్ను వేసి ఉంచాలి, గుండెకు భయం లేదు అని తేల్చారు. సగం మాట నిజం. తక్కువ మోతాదు క్లోరోఫాంతో కూడా గుండె ఒక్కసారిగా అదుపు తప్పి ఆగిపోవచ్చని ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ అనే ఆయన పిల్లుల మీద చూపించేసరికి 1911 వచ్చింది. మహబూబ్ పాషా కన్ను మూసిన ఏడాది అది.

ఈ కథలో మనం గర్వపడాల్సిన మనిషి ఒకరున్నారు. రూపాబాయి ఫర్దూన్‌జీ. 1885లో ఆ వైద్య పాఠశాలలో చేరిన అయిదుగురు ఆడపిల్లల్లో ఈ పార్సీ అమ్మాయి ఒకతె. 1889లో హకీం పట్టా పుచ్చుకుని లారీ దగ్గర మత్తు ఇచ్చే పని నేర్చుకుంది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాళ్లలో ఆమెది మొదటి వరస. 1909లో ఎడింబరో వెళ్లి ఇంకా చదువుకుని వచ్చింది. ఆ రోజుల్లో పర్దా చాటున ఉండే ఆడవాళ్లకు, మత్తు ఇచ్చేది ఆడ మనిషే అని తెలిస్తే ఎంత ధైర్యం వచ్చి ఉంటుందో కదా!

ఇక దోమ. 1897లో పాషాకు రెండు సంగతులు జరిగాయి. ఒకటి, వికారుల్‌ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా ప్యాలెస్ ఆయన చేతికి వచ్చింది. రెండోది ఆయన గమనించాడో లేదో! అదే ఏడాది ఆగస్టు 20న, ఆయన రాజ్యంలోనే, బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించి, కుట్టిన దోమకు అణా చొప్పున ఇచ్చాడు. మరుసటి ఏడాది కలకత్తాలో పిచ్చుకల వంటి పక్షుల మీద పరీక్ష చేసి, జబ్బు దోమకాటుతోనే ఒక ప్రాణి నుంచి ఇంకో ప్రాణికి చేరుతుందని రుజువు చేశాడు. అంటే నిలవ నీరు, దోమ, పక్షి, మనిషి. ఇవన్నీ ఒకే దారంతో కట్టి ఉన్నాయన్నమాట. తమాషా ఏమిటంటే, కుక్కల మీద అన్ని పరీక్షలు చేసిన లారీ దొర మాత్రం ఈ మలేరియా క్రిమి మాటను ఒప్పుకోనే లేదు. ఎంత చదువుకున్నా తన మాటే నెగ్గాలనే పట్టు ఉంటే అంతే.

పులికి తూటా, పాముకు ఆన

పగలు పులుల్ని వేటాడిన మనిషే రాత్రి పాముకాటుకు ఆన పెట్టాడు. ఆయన వేట పిచ్చి అంతా ఇంతా కాదు. వరంగల్లు వైపు అడవుల్లో గుడారాలు, ఏనుగులు, వందల పరివారం. చచ్చిన పులుల పక్కన తుపాకి పట్టుకుని నిలబడ్డ పాషాను రాజా దీన్‌దయాళ్ ఫోటోలు తీశాడు. ముప్ఫై మూడు పులుల్ని కొట్టాడని, తీస్ మార్ ఖాన్ అనే మాట ఆయన వల్లే పుట్టిందని ఇక్కడ చెప్పుకుంటారు. అప్పటి రాజులందరూ చేసిందే ఆయనా చేశాడు. సమర్థించడానికి నాకు మనసొప్పదు. ఇప్పుడు కవ్వాలలో ఒక పులి పాదం గుర్తు కనబడితే పేపర్లో వార్త!

మరి పాముకాటు సంగతి? ఆయన పేరుతో నిజంగా విషం దిగిందా? నేను నవ్వేసి ఊరుకోదలచుకోలేదు. మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివే. జెర్రిపోతు, నీరుకట్టె లాంటివన్నమాట. ఎక్కువమంది ప్రాణాలు తీసేవి నాలుగే: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. అవి కరిచినా ప్రతిసారీ విషం వదలవు. కాబట్టి కాటు పడ్డవాళ్లలో చాలామంది ఏమీ చేయకపోయినా బతుకుతారు. బతికినవాడు ఊరంతా చెప్పుకుంటాడు. పోయినవాడు చెప్పడు. ఒక పేరుకు మహిమ అలా పెరుగుతుంది. పైగా భయంతో పరుగులు తీసే మనిషిని, పాషా ఆన పడింది, ఇక నీకేం కాదు అని కూర్చోబెడితే గుండె దడ తగ్గుతుంది. అదీ తక్కువ మేలు కాదు.

కానీ విషం ఎక్కినవాడికి కావలసింది మందు. ఆ మందు 1890లలోనే పుట్టింది. దాన్ని గుర్రం ఇస్తుంది! పాము విషం కొంచెం కొంచెంగా గుర్రానికి ఎక్కించి, దాని రక్తంలో పుట్టే విరుగుడును తీసి మనకు సూది వేస్తారు. పాము కాటుకు గుర్రం నెత్తురు. మన దేశంలో ఆ విషం సేకరించే పని చాలావరకు తమిళనాడులోని ఇరుళ గిరిజనులు, తమ సహకార సంఘం ద్వారా, 1978 నుంచీ చేస్తున్నారు. తరతరాలుగా పాములు పట్టిన చేతులు అవి.

ఇంత మందు ఉండి కూడా మన దేశంలో ఏటా యాభై వేలమందికి పైగా పాముకాటుతో పోతున్నారని 2020లో వచ్చిన ఒక లెక్క. వాళ్లలో ఎక్కువమంది పల్లెల్లో, పొలాల్లో, ఆస్పత్రికి దూరంగా ఉన్నవాళ్లు. కాటు పడ్డ చోట తాడు బిగించడం, బ్లేడుతో కోయడం, మంత్రగాడి దగ్గరకు తీసుకుపోవడం, ఇలా గంటలు గడిచిపోతాయి. ఆ కాలు కదపకుండా పడుకోబెట్టి ఎంత తొందరగా ఆస్పత్రికి చేరిస్తే అంత మంచిది. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఈ చావుల్ని 2030కల్లా సగానికి తగ్గించాలని ఒక కార్యక్రమం ప్రకటించింది. అందులో మనుషుల డాక్టర్లే కాదు, పశువుల డాక్టర్లు, అటవీ శాఖ వాళ్లు కూడా కలిసి పనిచేయాలన్నారు. ఇంట్లో ధాన్యం చిందితే ఎలుక వస్తుంది, ఎలుక వస్తే పాము వస్తుంది. ఈ లెక్క మా అత్తయ్యకు ఏ కార్యక్రమం లేకుండానే తెలుసు. అందుకే బియ్యం డబ్బా మూత తీసి ఉంచితే ఆవిడ ఊరుకోదు.

మూసీ వచ్చిన రోజు

1908 సెప్టెంబరు 28, సోమవారం. మహబూబ్ పాషా కథ అంతా ఒక ఎత్తు, ఈ ఒక్క రోజూ ఒక ఎత్తు.

అంతకు ముందు రోజు నుంచే ఆగకుండా వాన. శంషాబాద్‌లో ఇరవై నాలుగు గంటల్లో 12.8 అంగుళాలు, నలభై ఎనిమిది గంటల్లో 18.9 అంగుళాలు పడింది. అసలు దెబ్బ తగిలింది వానతో కాదు, చెరువులతో. మూసీకి నీళ్లు వచ్చే ప్రాంతమంతా కలిపి 788 చెరువులు ఉండేవి. ఒక చెరువు తెగి కింది చెరువులో పడింది. అది తాళలేక తెగి దాని కిందిదాంట్లో పడింది. అలా 221 చెరువులు తెగాయి. ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా, సెకనుకు నాలుగు లక్షల ఘనపుటడుగులకు పైగా, నగరం మధ్యకు వచ్చి పడ్డాయి. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన తెగిపోయాయి. కుతుబ్‌షాహీల నాటి పురానాపూల్ ఒక్కటే నిలబడింది. కోల్సావాడి కొట్టుకుపోయింది. పేట్ల బురుజు ఎత్తుగా ఉంది కదా అని ఎక్కినవాళ్లను బురుజుతో సహా నది తీసుకుపోయింది. అఫ్జల్‌గంజ్ దవాఖానా కూలింది. దవాఖానా ఆవరణలోని చింతచెట్టు ఎక్కినవాళ్లు మాత్రం, నూట యాభై మంది దాకా, కొమ్మల మీద గంటల తరబడి కూర్చుని బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రిలో ఇప్పటికీ ఉంది. మందులతో నిండిన కట్టడం చేయలేని పని ఒక చెట్టు చేసింది.

పదిహేను వేల మంది దాకా పోయారని లెక్క వేశారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్క వరదలో తల్లిని, భార్యను, బిడ్డను పోగొట్టుకుని తానొక్కడూ మిగిలాడు. పదిహేను వేలు అంటే మనకు అంకెలాగే ఉంటుంది. ఆ ముగ్గురి గురించి విన్నాకే నాకు గొంతు పట్టేసింది.

మహబూబ్ పాషా మహల్లో కూర్చోలేదు. బయటకు వచ్చాడు, చూశాడు, ఏడ్చాడు. ఇళ్లు పోయినవాళ్లకు తన ప్యాలెస్ తలుపులు తీయించాడు. వంటశాలలు పెట్టించి హిందువులకు, ముస్లింలకు ఎవరి అలవాటు ప్రకారం వాళ్లకు అన్నం పెట్టించాడు. సాయం చేసినవాళ్లలో సరోజినీ నాయుడు కూడా ఉంది. నది ఇంకా తగ్గకపోతే, పండితులు చెప్పారని పాషా స్వయంగా మూసీ ఒడ్డుకు పోయి, పసుపు కుంకుమలు, పట్టుచీర, ముత్యాలు సమర్పించి హారతి ఇచ్చాడని చెబుతారు. లాల్ దర్వాజా వాళ్లను అడిగితే ఇంకోలా చెబుతారు. ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్ సలహాతో సింహవాహిని మహంకాళి అమ్మవారికి మొక్కుకున్నాడని, నది తగ్గాక బోనం సమర్పించాడని. ఆషాఢంలో లాల్ దర్వాజా బోనాలప్పుడు వేపమండలు, పసుపు నీళ్లు, ఘటాల మధ్య నిలబడి ఈ కథ వినని ఇల్లు మా వైపు లేదు. ఏ మతం వాడైనా నీటి ముందు మనిషి ఒక్కటే అయిపోయాడు ఆ రోజు.

మొక్కుతో ఆగి ఉంటే నేను ఇంత దూరం రాసేదాన్ని కాదు. మరుసటి ఏడాది, 1909లో, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆ 788 చెరువుల లెక్క తీసింది ఆయనే. నగరం ఒడ్డున గోడలు కడితే చాలదు, నగరానికి పైన, నీళ్లు వచ్చే చోటే పట్టి ఉంచాలి అన్నాడు. ఆ మాట ప్రకారమే తర్వాత మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ వాగు మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీరూ ఇచ్చాయి. సాలార్‌జంగ్‌ను తీసుకుపోయిన కలరాకూ, ఇళ్లు ముంచిన మూసీకీ ఒకటే మందు దొరికిందన్నమాట.

అయితే చెరువుల సంగతి మనం మళ్లీ మరచిపోయాం. 2020 అక్టోబరులో కురిసిన వానకు పల్లెచెరువు, కొన్ని రోజులకే బాలాపూర్ గుర్రంచెరువు తెగి, ఫలక్‌నుమా కింది వైపు కాలనీల్లో మనుషులు కొట్టుకుపోయారు. అచ్చం 1908లో లాగానే చెరువు తెగి వచ్చిన నీళ్లు. కాకపోతే ఈసారి చెరువు కడుపులోనే ఇళ్లు లేచి ఉన్నాయి. ఆ వానాకాలంలోనే ఉస్మానియా పాత భవనం వార్డుల్లోకి నీళ్లొచ్చి రోగుల్ని ఖాళీ చేయించారు. మా చుట్టాలింట్లో నడుం లోతు నీళ్లు తగ్గాక మంచం కింద పాము చుట్టుకుని ఉంది. దాని ఇల్లూ మునిగింది మరి, అదెక్కడికి పోతుంది?

మూసీ ఇప్పుడు వరద రోజుల్లో తప్ప నదిలా కనబడదు. నగరం మురుగంతా దాంట్లోనే. అంబర్‌పేట దాటాక ఒడ్డుల వెంబడి ఆ నీళ్లతో పచ్చగా గడ్డి పెంచుతారు. పారాగడ్డి అంటారు. అది మోపులుగా కట్టి పశువులకు అమ్ముతారు. ఆ గేదెల పాలు నగరంలోకి వస్తాయి. పొద్దున్నే పాలు కాస్తున్నప్పుడు మనం నదిలోకి వదిలిందేదో తిరిగి మన గిన్నెలోకే వచ్చిందేమోనని ఒక్కోసారి నా చెయ్యి ఆగుతుంది. గడ్డి కోసే ఆడవాళ్లు ఆ నీళ్లలోనే మోకాళ్ల దాకా దిగి నిలబడతారు. వాళ్ల కాళ్లు చూసినవాళ్లకు ఇంకేమీ చెప్పక్కర్లేదు.

ఆఖరి ఆగస్టు

వరద తర్వాత పాషా మనిషి తగ్గిపోయాడంటారు. తాగుడు ముందునుంచీ ఉంది. 1911లో నగరంలో ప్లేగు. ఇళ్లల్లో ఎలుకలు రాలిపడితే జనం ఇల్లు వదిలి తోటల్లోకి, మైదానాల్లోకి పోయి గుడిసెలు వేసుకునేవారు. ఎలుక మీది గోమారి వల్ల మనిషికి అంటుతుందని 1898లోనే ఒక ఫ్రెంచి డాక్టరు కరాచీలో కనిపెట్టాడు గానీ, మన అవ్వలకు ఎలుక రాలడమే పెద్ద హెచ్చరిక. వరద, ప్లేగు ఒకదాని వెనక ఒకటి వచ్చాకే గాలీ వెలుతురూ లేని బస్తీలను బాగుచేయడానికి ఒక బోర్డు పెట్టారు. అది చూడడానికి మహబూబ్ పాషా లేడు.

1911 ఆగస్టు 29న ఫలక్‌నుమాలో కన్ను మూశాడు. నలభై అయిదేళ్లు. ఆ గుట్ట మీది నుంచి కిందికి, చార్మినార్ పక్కన మక్కా మసీదుకు తెచ్చి, తాతతండ్రుల వరసలోనే ఖననం చేశారు. మసీదు ముంగిట్లో పావురాలకు గింజలు వేసే జనం మధ్య నుంచి నడిచి వెళ్తే ఎడమ వైపు ఆ సమాధుల వరస కనిపిస్తుంది.

ఆయన పోయినా ఆ పేరు పోలేదు. పల్లెల్లో చాలా కాలం దాకా పాము కరిస్తే ఆ ఆన పెడుతూనే వచ్చారు. మా అత్తయ్య ఇవాళ్టికీ పెరట్లో పాము కనిపిస్తే నాగులమ్మకూ, పాషాకూ కలిపి ఒకే దండం పెడుతుంది. క్రిందటి వానాకాలం పక్కింటి కుర్రాణ్ణి మెట్ల దగ్గర ఏదో కరిచింది. అత్తయ్య వాడి తల నిమిరి, ఆ పేరు అనుకుని, వాణ్ణి కదలకుండా పడుకోమని, నా వైపు తిరిగి 108కి ఫోన్ చెయ్యమంది.